మోటారు ఎప్పుడు ఆపాలి?

ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు బోరు కింద వంగో బెండో బంతో వేసుకున్న రైతు రోజూ తేల్చుకోవాల్సినవి రెండు. మోటారు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి. మొదటిదానికి ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేదు. మధ్యాహ్నం ఎండకు వాలిన ఆకు పొద్దుగూకేసరికి తేరుకుందో లేదో చూస్తాడు. మొక్క మొదట్లో నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి, ఉండ కట్టిందా, పొడిపొడిగా రాలిందా చూస్తాడు. "నా నేల పదును నాకు తెల్దేటి బాబూ" అంటే అది గొప్పలు పోవడం కాదు. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు పాకం ముదిరిందో లేదో వేళ్లతో పట్టి చెప్పేస్తారు. ఇదీ అలాంటి విద్యే. చిక్కంతా రెండో ప్రశ్న దగ్గరుంది. పెట్టిన నీరు వేళ్ల దగ్గరే ఉందా, వాటిని దాటి కిందికి దిగిపోయిందా అన్నది ఏ చేతికీ అందదు.

నేల తేమను కొలిచి ఫోనుకు పంపే చౌక వైర్‌లెస్ సెన్సర్ల మాట వచ్చినప్పుడల్లా చర్చ ధర చుట్టూ తిరుగుతుంది. నా మట్టుకు ధర తరవాతి సంగతి. ఆ పరికరం రెండో ప్రశ్నకు జవాబు చెబుతుందా లేదా అన్నదే ముందు చూడాలి. మొదటిదానికి మాత్రమే చెప్పేదైతే, రైతుకు తెలిసిన సంగతిని మళ్లీ రైతుకే అమ్మినట్టు.

ధర మాత్రం నిజంగానే దిగింది. విశాఖ ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుల జాబితాలో 'స్మార్ట్ ఇరిగేషన్' కనిపించని సంవత్సరం ఉండదేమో. నేలలో గుచ్చే కెపాసిటివ్ సెన్సర్ వందో రెండొందలో. ఈఎస్‌పీ32 బోర్డు అయిదారు వందలు, దూరానికి సంకేతం పంపే లోరా మాడ్యూలు మరో అయిదారు వందలు. ఒక లిథియం సెల్లు, అరచేయంత సోలార్ పలక, నీరు చొరని డబ్బా. అన్నీ కలిపి రెండు మూడు వేలలో ఒక నోడు తయారవుతుంది. లోరా వాడే 865-868 మెగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. ప్రతి నోడుకూ ఒక సిమ్, దానికో రీచార్జీ అన్న బాధ కూడా లేదు. నోడ్ల సంకేతాలు అందుకునే గేట్‌వే ఊళ్లో ఒక్కటి ఉండి, దానికి నెట్ ఉంటే చాలు. కంపెనీలు అమ్మే సరంజామా దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందులో యాప్, సర్వీసు, పంట సలహా కలిసే ఉంటాయి కనుక ఆ తేడా మొత్తాన్నీ దోపిడీ అనలేం.

ముందు అనుకూల వాదం చూద్దాం. విశాఖ చుట్టుపక్కల మెరక భూములు చాలావరకు ఎర్రనేలలు, ఇసుక పాలు ఎక్కువ. తడి పెట్టి నీరు ఇంకాక ఇలాంటి నేలలో నిలిచే తేమ ఘనపరిమాణంలో సుమారు 15 నుంచి 20 శాతం. ఏడెనిమిది శాతానికి దిగితే మొక్క వాడిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్నదే పంటకు దక్కే నీరు. 30 సెంటీమీటర్ల లోతు వేళ్లున్న పంట అనుకుంటే, అది సుమారు మూడు సెంటీమీటర్ల నీరు. ఎండాకాలంలో పంట రోజుకు అయిదారు మిల్లీమీటర్లు తాగేస్తుంది. సగం అయిపోయేలోపు మళ్లీ ఇవ్వాలంటే రెండు మూడు రోజులకోసారి, ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఇవ్వాలి. అంతకు మించి పెట్టినదంతా కిందికే పోతుంది.

ఇక్కడే పరికరం తన విలువ చూపిస్తుంది. వంగ సాలులో డ్రిప్పు చుక్క పడే చోటికి జానెడు లోపు దూరంలో రెండు సెన్సర్లు పాతామనుకోండి, ఒకటి 15 సెంటీమీటర్ల లోతులో, ఇంకోటి 40 సెంటీమీటర్ల లోతులో. మోటారు వేసిన కాసేపటికి ఫోన్లో పై సెన్సర్ గీత ఎగబాకుతుంది. కిందిది బల్లపరుపుగా ఉంటుంది. ఇంకొంతసేపటికి కింది గీత కూడా మెల్లగా లేవడం మొదలవుతుంది. నీరు వేళ్ల మండలం దాటి కిందికి దిగిందన్నమాట. మోటారు ఆ పాటికే ఆగి ఉండాలి. అలవాటుగా మూడు గంటలు నడిపే రైతు, గంటన్నరకే కింది గీత లేవడం వరసగా కొన్ని తడుల్లో కళ్లారా చూస్తే చాలు. ఏ వ్యవసాయాధికారీ అంత గట్టిగా చెప్పలేడు.

కిందికి పోయేది నీరొక్కటే కాదు. నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని నీటితోపాటే జారిపోతుంది. యూరియా బస్తా 45 కిలోలు 266 రూపాయల 50 పైసలే కాబట్టి ఆ నష్టం జేబుకు తెలియకపోవచ్చు. డ్రిప్పులో వదిలే 19-19-19 లాంటి నీటిలో కరిగే ఎరువుల ధర అలా కాదు. ఇక వేళ్ల దగ్గర ఎప్పుడూ తడి నిలిచి గాలి ఆడకపోతే వేరుకుళ్లు, టమాటా, వంగల్లో వడలు తెగులు రావడానికి దారి వేసినట్టే. తడి తగ్గించిన తోట ఆరోగ్యంగా ఉండటం చూశాక నీటి పొదుపు గురించి రైతుకు ఉపన్యాసం చెప్పే పని ఉండదు.

వైర్‌లెస్ ఎవరికి అవసరం అన్న ప్రశ్నకు కూడా ఈ ప్రాంతంలో ఒక జవాబుంది. ఇది పట్నం అంచున సాగయ్యే నేల. ఒకే ఇంట్లో ఒకరు పరవాడ ఫార్మా సిటీలోనో గాజువాకలోనో షిఫ్టుకు పోతూ, సాయంత్రాలూ ఆదివారాలూ పొలం చూసుకోవడం మామూలే. అలాంటివాళ్లకు పొలానికి వెళ్లకుండా తేమ తెలియడం సుఖమే. పుణె నుంచి వచ్చిన నానో గణేశ్, బెంగళూరు నుంచి వచ్చిన కిసాన్ రాజా లాంటి మొబైల్ స్టార్టర్లు వేల రూపాయలు పోసి రైతులు కొన్నది ఈ సుఖం కోసమే. రాత్రిపూట పాముల మధ్య నడిచి వెళ్లి మోటారు వేసే బాధ తప్పుతుందని కొన్నారు, నీరు మిగులుతుందని కాదు. రైతు దేనికి డబ్బు పెడతాడో ఇంతకన్నా స్పష్టమైన రుజువు దొరకదు. తేమ సెన్సర్ విడిగా ఒక వస్తువుగా వస్తే కొనేవాళ్లు తక్కువ; స్టార్టర్‌లో మోటారు ఆపే తెలివిగా కలిసి వస్తే దారి సులువవుతుంది.

ఇప్పుడు రెండో వైపు. అది కూడా బరువైనదే.

చౌక సెన్సర్ పంపేది తేమ శాతం కాదు, ఒక ఓల్టేజీ. గాలిలో పట్టుకుంటే ఒక అంకె, గ్లాసు నీళ్లలో ముంచితే ఇంకో అంకె. ఆ రెంటి మధ్య ఒక గీత గీసి శాతం అనేస్తారు. ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న రెండు సెన్సర్లను ఒకే గ్లాసులో ముంచినా అంకెలు తేడాగా రావచ్చు. అసలైన కొలతంటే మట్టి నమూనా తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి, మళ్లీ తూచడం. ప్రతి పొలానికీ ఆ పని ఎవరు చేసిపెడతారు? పైగా శాతం సరిగ్గా వచ్చినా దాని అర్థం నేలను బట్టి మారిపోతుంది. 22 శాతం అంటే ఎర్ర ఇసుకనేలలో నిండు తడి. అదే అంకె బరువైన నల్లరేగడిలో మొక్క వాడిపోయే దశ. అన్ని నేలలకూ ఒకటే హద్దు పెట్టి 'నీరు పెట్టండి' అని మెసేజి పంపే యాప్ కంటే రైతు పిడికిలి నయం.

పాతడం కూడా ఒక పనే. సెన్సర్‌కూ మట్టికీ మధ్య వెంట్రుకవాసి సందున్నా అది గాలిని కొలిచి పొడిగా ఉందంటుంది. మోటారును దానికే కట్టేసి ఉంటే, తోట ముద్దయిపోయినా మోటారు ఆడుతూనే ఉంటుంది. అందుకని గుంత తీసిన మట్టినే నీళ్లతో జారుగా కలిపి పోసి, అందులో దించాలి. డ్రిప్పు చుక్కకు పది సెంటీమీటర్ల దూరంలో ఒక లోకం, నలభై సెంటీమీటర్ల దూరంలో ఇంకో లోకం. సెన్సర్ చూసేది తన చుట్టూ ఉన్న కొద్దిపాటి మట్టినే. రెండెకరాల తోట గురించి అది సాక్ష్యం చెప్పాలంటే ఎక్కడ పాతామన్నదే కీలకం.

ఇక మన్నిక. రెండు లోహపు పళ్లతో ముళ్లగరిటెలా ఉండే మరీ చౌక రకం ఉంది. నేలలో కరెంటు పారి ఆ పళ్లు కొన్ని వారాల్లోనే తుప్పుపట్టి అరిగిపోతాయి. ప్రదర్శనకు తప్ప పొలానికి అది పనికిరాదు. కెపాసిటివ్ రకం నయమే గాని పలక అంచుల్లోంచి నీరు పీల్చుకుంటుంది. ఎపాక్సీ పూసి మూయాలి. ఉక్కు నగరంలో ఉండేవాళ్లకు తుప్పు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, సముద్రపు గాలి తగిలే చోట టెర్మినళ్లు ఎంతకాలం తెల్లగా ఉంటాయో తెలిసిందే. తీరం దగ్గర నేలలో ఉప్పు చేరితే చౌక సెన్సర్ ఉన్నదానికన్నా ఎక్కువ తడి ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. డ్రిప్పు పైపులు కొరికే ఎలుకలు, ఉడతలు సెన్సర్ తీగను వదలవు. దుక్కి వచ్చిందంటే అన్నీ పీకాలి, మళ్లీ పాతాలి. బహిరంగ మైదానంలో కిలోమీటర్లు పోయే లోరా సంకేతం, మధ్యలో గుట్టో దట్టమైన జీడితోటో అడ్డం వస్తే ఆ దూరం పోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దెబ్బకు నగరంలోనే ఫోన్లు మూగబోయాయి; గట్టు మీద వెదురుకర్రకు కట్టిన గేట్‌వే గురించి చెప్పేదేముంది.

ఇవేవీ ఊహలు కావు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్‌తో చుట్టుకుని, తెలుగు బాగా వినిపించే కర్ణాటక తాలూకా పావగడ. అక్కడి చెన్నకేశవపుర గ్రామంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్‌లోని లౌసాన్ సాంకేతిక సంస్థ కలిసి 2000 దశకం మధ్యలోనే 'కామన్‌సెన్స్ నెట్' పేరుతో నేల తేమ వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాయి. దిగుమతి చేసుకున్న ఖరీదైన నోడ్లు, చిన్న రైతులు. బ్యాటరీలు, సంకేతం అందకపోవడం, బాగు చేసేవాళ్లు దగ్గర్లో లేకపోవడం లాంటి ఇబ్బందులన్నీ అప్పుడే బయటపడ్డాయి. వాటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. అక్కడి వేరుశనగ ఎక్కువగా వర్షాధారం. నేల ఎండిపోయిందని తెలిసినా వేయడానికి మోటారు లేని రైతు ఆ అంకెతో ఏం చేసుకుంటాడు? శాస్త్రజ్ఞులకు ఆ అంకెలు పనికొచ్చాయి, బెట్టను పంట ఎలా తట్టుకుంటుందో నమూనాలు కట్టుకోవడానికి. ఇరవై ఏళ్లలో ధర పడిపోయింది. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

అదే ప్రశ్న అనకాపల్లి జిల్లాలో ఇంకో రూపంలో ఎదురవుతుంది. శారదా నది మీది రైవాడ జలాశయం నీరు ఇటు ఆయకట్టుకూ అటు విశాఖ నగరానికీ పంచుకోవాలి. ఏలేరు నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువ ద్వారా ఉక్కు కర్మాగారానికి నీరొస్తుంది. నగరం, కర్మాగారం, పొలం ఒకే నీటి కోసం ఎదురుచూసే చోట రైతు పొదుపు చేయాలన్న మాట నగరంలో కూర్చున్నవాళ్లకు తియ్యగా వినిపిస్తుంది. కాలువ కింద చెరకు రైతుకు నీరు వచ్చినప్పుడు పెట్టుకోవడమే గాని, కావలసినప్పుడు రప్పించుకోవడం చేతిలో లేదు. ఈ వంతు వదిలేస్తే వచ్చే వంతు ఎప్పుడో తెలియనప్పుడు, నేలలో తడి ఇంకా ఉందని సెన్సర్ చెప్పినా ఎవరూ మడవ మూసుకోరు. స్విచ్ తన చేతిలో ఉన్న రైతుకే ఈ పరికరం.

ఆ స్విచ్ ఉన్నవాడికి కూడా డబ్బు లెక్క తిన్నగా లేదు. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మీద మొదటి సంతకం పడినప్పటి నుంచి మోటారు ఎంతసేపు ఆడినా రైతుకు పైసా తేడా లేదు. 5 హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు 4 యూనిట్లు లాగుతుంది. తడికి గంటన్నర తగ్గిస్తే ఆరు యూనిట్లు, వారానికి మూడు తడులకు 18 యూనిట్లు మిగిలాయి. మిగిలింది విద్యుత్ పంపిణీ సంస్థకూ, సబ్సిడీ కట్టే ప్రభుత్వానికీ. సెన్సర్ కొన్నది రైతు. ఇందులో న్యాయం లేదనే మాట నిజం. అందుకే డ్రిప్పుకిచ్చినట్టు దీనికీ సబ్సిడీ ఇవ్వాలనే వాదన వస్తుంది. 2003 నవంబరులో మొదలైన సూక్ష్మ సేద్య పథకం లేకపోతే రాష్ట్రంలో డ్రిప్పు ఇంత విస్తరించేది కాదు కదా. ఒప్పుకుంటాను. కానీ డ్రిప్పు పైపు కళ్లకు కనిపించే వస్తువు, చుక్క పడుతుందో లేదో చూస్తే తెలుస్తుంది. సెన్సర్ చచ్చిపోయినా అంకె పంపుతూనే ఉండొచ్చు. సబ్సిడీలో వచ్చి, మొదటి పంట తరవాత పశువుల పాక చూరులో దాక్కున్న పరికరాలు పల్లెల్లో తక్కువేమీ లేవు.

ప్రభుత్వం ఇస్తానంటే ఇంకో అనుమానం కూడా పుడుతుంది. 2020లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించాలని శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలైనప్పుడు ఎంత గొడవ జరిగిందో ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. ఇవాళ నేల తడి కొలిచేది రేపు మోటారు గంటలు కొలుస్తుందని, ఎల్లుండి బిల్లు పంపుతుందని రైతు భయపడితే అది మూర్ఖత్వం కాదు. ఆ అంకెలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎవరు చూడొచ్చు అన్నది కాగితం మీద రాసి ఇవ్వనిదే ఏ రైతునూ దీన్ని నమ్మమనడం సబబు కాదు.

కొలవడం మీద రైతులకు విముఖత ఉందనుకుంటే మాత్రం పొరపాటే. నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ముందుండి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో 2000 దశకంలో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు కరవు జిల్లాల్లో రైతుల భూగర్భజల నిర్వహణ పథకం నడిచింది. బావుల్లో నీటిమట్టం, బోరు నుంచి వచ్చే నీరు, కురిసిన వాన అన్నీ రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి కొలిచి గోడల మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకుని, ఏ పంట ఎంత వేయాలో మాట్లాడుకున్నారు. ఆంక్ష లేదు, జరిమానా లేదు. పథకం డబ్బు ఆగిపోయాక చాలాచోట్ల కొలతలు పలచబడ్డాయన్నది కూడా దాచకూడదు. ఆఫ్రికాలో టాంజానియా, మొజాంబిక్, జింబాబ్వేల్లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇచ్చిన 'కమేలియన్' సెన్సర్ కథ ఇలాంటిదే. మూడు లోతుల్లో మూడు సెన్సర్లు, మూడు దీపాలు. తడి ఉంటే నీలం, మధ్యస్థంగా ఉంటే ఆకుపచ్చ, ఆరిపోతే ఎరుపు. శాతాలు లేవు. అడుగున నీలమే వెలుగుతోందని చూసి రైతులు తడులు తగ్గించుకున్నారు. అవి ఉమ్మడి కాలువల కింది చిన్న పథకాలు. నలుగురూ కూర్చుని వంతులు మార్చుకోగలిగారు. రైవాడ కింద అలాంటి మాట కుదిరితే కాలువ రైతు గురించి నేను పైన చెప్పింది మార్చుకోవాల్సి వస్తుంది.

రంగులే చాలనుకుంటే మనకు దగ్గర్లోనూ ఉంది. కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థ తయారుచేసిన సాయిల్ మాయిశ్చర్ ఇండికేటర్ చేతిలో పట్టుకుని నేలలో గుచ్చే పరికరం. నీలం, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు దీపాలు వెలుగుతాయి. యాప్ లేదు, సిమ్ లేదు, పాతిపెట్టే పని లేదు. ఒకటి కొని పదిమంది వాడుకోవచ్చు. 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధన కేంద్రం చుట్టుపక్కల, సొంత బోరున్న చెరకు రైతుకు నేను మొదట చెప్పేది ఇదే. పంజాబ్‌లో వరి రైతులకిచ్చిన టెన్షియోమీటర్ కూడా వందల రూపాయల్లోనే అయ్యే గొట్టం. మన ఇసుకనేలల్లో అది బాగానే పనిచేయాలి, నీరు నింపుతూ ఉండే ఓపిక ఉంటే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం కూడా నేల తేమ చూస్తుంది. అయితే దాని రాడార్ చూపు పై కొన్ని సెంటీమీటర్లకే పరిమితం. రైతు వేళ్లు ఆ లోతు ఎప్పుడో చూసేశాయి.

ఇన్నీ తూచాక నా మొగ్గు ఇలా ఉంది. ఎర్రనేల, సొంత బోరు, డ్రిప్పు, కూరగాయలో పూలో, పొలానికి దూరంగా నివాసం: ఈ అయిదూ కలిసినచోట వైర్‌లెస్ సెన్సర్ రెండు లోతుల్లో పెట్టి చూడదగ్గదే. ఒక్క లోతులో పెట్టేది ఎంత చౌకైనా వద్దు. మోటారును మొదటి ఏడాదే దానికి అప్పగించడం అంతకన్నా వద్దు. అంకె చూసి మనిషే ఆపాలి. మిగతావాళ్లకు చేతి పరికరం చాలు, కొందరికి అదీ అక్కర్లేదు. మిగిలిన నీటితో ఇంకో అరెకరం వేస్తాడు తప్ప భూగర్భజలం పెరగదు అనేవాళ్ల మాట నిజం కావచ్చు. ఆ అరెకరం పంట ఆ రైతుకు తక్కువ సంగతి కాదు గనక దాన్ని పరికరం మీద నేరంగా మోపలేను.

కొనడం గురించి ఒక్కటి అడగాలనుంది. కింది సెన్సర్ నేర్పేది ఒకటే పాఠం: ఈ నేలలో, ఈ డ్రిప్పుతో, ఈ పంట వయసుకు మోటారు ఎంతసేపు చాలు అని. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఒకటి, కాపు మీదున్నప్పుడు ఒకటి, వేసవిలో ఇంకొకటి. ఒక పంటకాలం శ్రద్ధగా చూసినవాడికి ఆ గంటల లెక్క స్టార్టర్ పెట్టె మూతకు లోపలివైపు సుద్దతో రాసుకోవడానికి సరిపోతుంది. ఆ తరవాత ఆ సెట్టు అక్కడే పాతి ఉండాల్సిన పనేముంది? ఊరి రైతు సేవా కేంద్రంలో నాలుగు సెట్లు ఉంచి, పంటకొకరికి అద్దెకిచ్చి, తుప్పు గీకి ఎపాక్సీ పూసే పనికి దగ్గర్లోని ఐటీఐ కుర్రాడికి నెలకింత అని ఇస్తే ఖర్చు ఎకరానికి వందల్లోకి దిగుతుంది. కంపెనీలకు ఈ పద్ధతి నచ్చుతుందనుకోను. ఏటేటా చందా కట్టించుకుంటేనే వాళ్ల లెక్క కుదురుతుంది.